ఎర్రరాళ్ళ దారిలో దాచిన కబురు

"నాలుగుసార్లు నవ్వాడు. నిన్న ఫోన్‌లో పావుగంట మాట్లాడితే నాలుగుసార్లు. నేను లెక్కపెట్టాను. ఒకసారైతే, 'నవ్వించకే జయా, కుట్లు లాగుతున్నాయి' అన్నాడు. గుండె కోసి కుట్టి మూడు వారాలే కదా అయింది, లాగవూ మరి! తండ్రి పోయి నిన్నటికి నాలుగు రోజులు. కొడుకు ఇర్వింగ్‌లో సోఫా మీద పడుకుని నవ్వుతున్నాడు."

జయంతి ఈ మాటలంటూనే బీన్స్ ఈనెలు తీస్తోంది. చేతులు ఒక్క క్షణం ఆగలేదు. అమెరికాలోని ట్రాయ్‌లో ఆమె ఇంటి వంటిల్లు చిన్నది. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళకి చోటుండదు, మూడోవాళ్ళు వచ్చేదీ తక్కువే. 1989 అక్టోబరు నెల. కిటికీ అవతల మేపుల్ ఆకులు సగం రాలి ఉన్నాయి. ఆమెకి ముప్ఫై ఏడేళ్ళు. దగ్గర్లోని స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగం.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదా అని నేను అడిగితే ఒక ఈనె తీసి బుట్టలో పడేసి, అప్పుడు తలెత్తింది.

"చెప్పొద్దన్నారు. విజయనగరం నుంచి మా బాబాయి కొడుకు కొండల్ రావు ఫోన్ చేశాడు. తలకొరివి వాడే పెట్టాట్ట. 'అక్కా, పెద్దన్నయ్యకి గుండె ఆపరేషన్ అయింది, తట్టుకోలేడు. పదో రోజు దాటాక మెల్లగా చెబుదాం' అన్నాడు. సరేరా అన్నాను. మా వదినా సరేనంది. దాచడంలో మా వాళ్ళని మించినవాళ్ళు లేరులే. రేపు నువ్వు డాలస్ వెళ్తున్నావు కదా, వదినకి రెండు పచ్చడి సీసాలిచ్చి పంపుదామని పిలిచాను. ఓపికుంటే కూర్చో. తొమ్మిదేళ్ళు మా అన్నయ్యతో నాకు మాటల్లేవు. ఇప్పుడు రోజూ మాట్లాడుతున్నాను. ఎందుకు మాట్లాడుతున్నానో చెప్తాను."

అసలు కథ 1980లో మొదలైంది. అప్పటికి జయంతి కడుపు రెండుసార్లు పోయింది. మూడోసారి ఐదో నెల. భర్త మోహన్ కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, షిఫ్టులవాడు. ఒంటరిగా ఉండడం మంచిది కాదని అన్నయ్య రాధాకృష్ణ ఆమెని డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. మంచినీళ్ళు కూడా ముంచుకోనివ్వకుండా వదిన రేణు ఆమెని కనిపెట్టుకుని ఉండేలా చూశాడు. చెల్లెలంటే అతనికి అంత ప్రాణం. ఆ సంగతి జయంతి ఇప్పటికీ కాదనదు. కాదనలేకపోవడమే ఆమె బాధ.

వాళ్ళిద్దరికీ ఒక తమ్ముడు, గోపాల్. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, జయంతికి పదకొండు. తండ్రి లక్ష్మీనారాయణ గూడ్స్ బండి గార్డు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉండేవాడు. గోపాల్‌కి తలదువ్వి, జ్వరమొస్తే మందు పోసి, అన్నం కలిపి ముద్దలు పెట్టింది పదకొండేళ్ళ జయంతే. వాడు తిండి దగ్గర మహా మొండి. బతిమాలాలి, కథ చెప్పాలి, ఆవకాయ వేస్తానని ఆశపెట్టాలి. అప్పుడు గానీ నోరు తెరిచేవాడు కాదు.

ఆ గోపాల్ వాల్తేరులో రాళ్ళ చదువు చదివి, ఆరిజోనాలో ఒక యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాడు. జనవరికి రావాలి. అక్కకి రాసే నీలం ఉత్తరాల నిండా రాళ్ళే. 'అక్కా, గ్రాండ్ కేన్యన్ అడుగున ఉన్న రాయి వయసు నూట డెబ్బై కోట్ల ఏళ్ళు. దాన్ని చేత్తో ముట్టుకుంటే గానీ నేను అమెరికా వచ్చినట్టు కాదు' అని రాశాడు. ఆ ఉత్తరాన్ని జయంతి దిండు కింద పెట్టుకునేది.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున ఇర్వింగ్‌కి ఫోన్ వచ్చింది. జయంతి పెరట్లో తల ఆరబెట్టుకుంటోంది. భీమిలి రోడ్డు మీద గోపాల్ స్కూటర్ని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. అంత దూరం నుంచి తండ్రి అరిచి చెప్పినవి మూడు మాటలు. వాడు పోయాడు. జయకి చెప్పకు. పురుడయ్యేదాకా చెప్పకు.

రాధాకృష్ణ ఫోన్ పెట్టేసి స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చాడు. అప్పుడతనికి అసలు చిక్కు తెలిసింది. ఇర్వింగ్ చుట్టుపక్కల ఇరవై తెలుగు ఇళ్ళున్నాయి. సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. ఎవరో ఒకరు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చి, గుమ్మంలోనే జయంతిని కౌగలించుకుని భోరుమంటారు. పన్నెండో రోజు దాటేదాకా ఈ పిల్లని తెలుగు మాట వినబడని చోట ఉంచాలి. ట్రాయ్‌కి ఫోన్ చేసి మోహన్‌కి చెప్పాడు. మోహనూ అదే మంచిదన్నాడు.

బుధవారం పొద్దున అన్నయ్య ఆమె ముందు కారు తాళాలు ఆడించాడు.

"పద జయా, గోపాల్‌గాడి కేన్యన్ చూసొద్దాం. వాడొచ్చేలోపు మనమే చూసేసి వాణ్ణి ఏడిపిద్దాం."

"డాక్టర్ని అడగొద్దూ?"

"కార్లో కూర్చోడానికి డాక్టరెందుకే? వెనక సీట్లో పరుపేస్తాను, మహారాణిలా పడుకో."

చెడు కబురు చెవినపడితే కడుపు జారుతుందని హడలిపోయిన ఆ మనిషికి, వెయ్యి మైళ్ళ రోడ్డు మాత్రం గుర్తు రాలేదు. అతనికే కాదు, ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. మనవాళ్ళ భయాలు అలాగే ఉంటాయి. గుమ్మంలో తుమ్మితే ఆగిపోతారు, వాన వెలిసిన జారుడు గట్టు మీద పరుగెత్తుతారు.

పాత ఓల్డ్స్‌మొబైల్ డిక్కీలో రైస్ కుక్కరు, పది పౌన్ల బియ్యం, పప్పుపొడి, ఆవకాయ సీసా పెట్టుకుని అన్నాచెల్లెళ్ళు బయల్దేరారు. పెళ్ళైన ఆడపిల్లకి పుట్టింటి మైల మూడు రోజులంటారు. ఆ మూడు రోజులూ జయంతి ఏం చేసిందంటే, అమరిల్లోలో స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ తాగింది, రెండోది కూడా అడిగి తాగింది. ఆల్బుకర్కీలో ఎర్ర పూసల దండ కొనుక్కుని మెళ్ళో వేసుకుంది. గోపాల్ కోసం నీలిరాయి పొదిగిన బెల్టు బకిల్ కొంది. దారిలో ఆగిన ప్రతిచోటా ఒక బొమ్మకార్డు కొని 'ఒరేయ్ తమ్ముడూ' అని మొదలుపెట్టి రాసి అన్నయ్య చేతికిచ్చింది.

"పోస్ట్ చేశావా?"

"చేశాన్లే."

"ఎన్ని రోజులకి చేరుతుందంటావ్?"

"ఆ మాత్రం పడుతుందిగా" అని రేడియో పెద్దది చేశాడు.

అన్నయ్య గడ్డం గీసుకోవడం లేదు. "ఏంటీ కౌబాయ్ వేషం? వదిన చూస్తే విడాకులిస్తుంది" అని ఆటపట్టించింది. తెల్లారగానే మోటెల్ గదిలో చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. తడి తువ్వాలు తలుపు సందులో కుక్కి, వాసన బయటికి పోకుండా కుక్కర్లో అన్నం వండుతున్నాడు. చెల్లెలికి పెట్టేముందు ఒక ముద్ద పిడిచి కాగితం పళ్ళెంలో పెట్టి, కార్లు నిలిపే చోటికి వెళ్ళి ఓ మూల ఉంచి నిలబడుతున్నాడు. అక్కడి కాకులు మన కాకులకి రెండింతలుంటాయి. అవి వాలి కతికేదాకా కదిలేవాడు కాదు.

"ఏంటన్నయ్యా, అమెరికా కాకులకి తద్దినం పెడుతున్నావా?"

"పక్షులకి పెడితే పుణ్యమే."

"మనక్కూడా కాస్త మిగుల్చు మహానుభావా. ఇద్దరం తినాలి ఇక్కడ" అంటూ పొట్ట నిమురుకుని నవ్వింది.

ఆరో రోజున గ్రాండ్ కేన్యన్ అంచున ఉన్నారు. పొద్దుటి ఎండ లోయలోకి మెట్టుమెట్టుగా దిగుతోంది. ఎరుపు మీద ఎరుపు, దాని కింద ఊదా, అట్టడుగున నల్లగా ఒక గీత. గోపాల్ చెప్పిన రాయి అదేనని జయంతి వేలు పెట్టి చూపించింది. రాధాకృష్ణ అటు చూడకుండా అన్నం ముద్దని అంచుగోడ రాతి మీద పెట్టి వెనక్కి జరిగాడు. గిడసబారిన చెట్టు మీద ఒక కాకి ఉంది. చూసింది గానీ రాలేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక తీరలేదని అర్థం. బతికున్నవాళ్ళు చేతులు జోడించి ఫలానాది చేస్తామని మాటిస్తే అప్పుడు ముడుతుందని నమ్మకం. అతను పెదవులు కదుపుతూ ఏదేదో మాటిస్తున్నాడు. కాకి మెడ తిప్పుకుంది.

జయంతి బల్ల మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమెకి నవ్వాగలేదు.

"అచ్చం మన గోపాల్‌గాడే అన్నయ్యా! బతిమాలితే గానీ తినడు. నీ వల్ల కాదు, ఉండు" అని లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పిలిచింది. "ఒరేయ్ గోపాల్! రారా నాన్నా! ఆవకాయ వేస్తాను, రా!"

కాకి వచ్చింది. రాతి మీద వాలి, ముద్దలో సగం నోట కరుచుకుని లోయలోకి దూకినట్టు ఎగిరిపోయింది.

"చూశావా? నా పిలుపు!" అని చప్పట్లు కొట్టి వెనక్కి తిరిగేసరికి అన్నయ్య మట్టిలో చతికిలబడి ఉన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని వీపు అదిరిపోతోంది. అతను కూడా నవ్వుతున్నాడనుకుంది. కెమెరా తీసి ఆ భంగిమలోనే ఫోటో తీసింది.

ఏడో రోజు నుంచి ఆమెకి నడుం లాగడం మొదలైంది. ఎనిమిదో రోజు మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర మోటెల్లో పొద్దున్నే, "మోహన్‌తో మాట్లాడాలి, డాక్టర్ని అడగమని చెప్తాను" అంది. వారం రోజులుగా నోరు నొక్కుకుని ఉన్న మోహన్ భార్య గొంతు వినగానే కక్కేస్తాడేమోనని రాధాకృష్ణకి భయం. "లైన్లు కలవడం లేదట. ఈ రాళ్ళొక గంట చూసొచ్చాక చేద్దాం" అని కారు ఎక్కించాడు.

ఆ రాళ్ళ మధ్య రోడ్డు పదిహేడు మైళ్ళు, వట్టి మట్టి. రేకు మడతల్లాంటి గతుకులు. నాలుగో మైలు దగ్గర, "అన్నయ్యా, వెనక్కి తిప్పు" అంది. అప్పటికే అది ఒకవైపే వెళ్ళే దారిగా మారింది, తిప్పడానికి లేదు. "కాస్త ఓర్చుకోవే, అయిపోయింది" అన్నాడు. ఏడో మైలు దగ్గర సీటు పట్టుకుంది. ఎర్రటి రాతి స్తంభాలు కిటికీలో ఒకటొకటే వెనక్కిపోతుంటే వాటి పేర్లు రాసున్న బోర్డులు చదువుకుంటూ పళ్ళు బిగబట్టింది. తారురోడ్డు ఎక్కేసరికి పరుపు తడిసిపోయింది.

దగ్గరి ఊళ్ళో పన్నెండు మంచాల ఆస్పత్రి ఒకటుంది. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. తొమ్మిదో రోజు పొద్దున్నకి బిడ్డ లేడు. మగపిల్లవాడు. నర్సు చిన్న దుప్పట్లో చుట్టి తెచ్చి చూస్తావా అని అడిగింది. జయంతి చూసింది. కంట తడి లేదు. గోడకేసి చూస్తూ అన్నయ్యతో అంది.

"ఇండియాకి కాల్ బుక్ చెయ్యి. గోపాల్‌తో మాట్లాడాలి. వాడి గొంతు వింటే గానీ నాకు ఏడుపు రాదు."

రాధాకృష్ణ మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఏ బిడ్డ కోసం దాచాడో ఆ బిడ్డ పోయాడు. ఇక దాచడానికి అతని దగ్గర కారణం మిగల్లేదు. మంచివాళ్ళకి దాచే ఓపిక ఉంటుంది, చెప్పే నేర్పు ఉండదు. ఆ గదిలో, ఆ గంటలోనే చెప్పేశాడు.

"గోపాల్ లేడమ్మా. లారీ గుద్దింది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు."

ఆమె రోజులు లెక్కపెడుతూ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. అమరిల్లో, ఆల్బుకర్కీ, పూసల దండ, బకిలు. ఆరో వేలు దగ్గర ఆగింది.

"ఆవేళ నేను పిలిస్తేనే వచ్చింది కదూ?"

అతను తలూపాడు.

తిరిగొచ్చాక తెలిసింది, ఇర్వింగ్‌లో తెలియని మనిషి లేడని. ఇరవై ఇళ్ళవాళ్ళూ వచ్చి వదినని పలకరించి వెళ్ళారు. కూరగాయలమ్మే గుజరాతీ ఆయనకి కూడా తెలుసు. విమానాశ్రయంలో మోహన్ ఆమె పెట్టె అందుకుంటూ, "నీ మంచికే జయా" అన్నాడు. ఆ మాట తర్వాత ఆరు నెలలు వాళ్ళింట్లో కంచాల చప్పుడే గానీ మాట వినబడలేదు. మోహన్ మీద కోపాన్ని కాలం మెత్తబరిచింది. అతనితో కాపురం చేస్తోంది. పిల్లలు మళ్ళీ కలగలేదు. అన్నయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేస్తే, ఆమె ఎత్తి, బల్ల మీద పెట్టేసి, తన పని తను చేసుకునేది. అవతల గొంతు చాలాసేపు 'జయా, జయా' అని పిలిచి ఆగిపోయేది.

ట్రాయ్ తెలుగువాళ్ళు జయంతి పేరు చెబితే కాస్త జంకుతారు. ఒకసారి కృష్ణమూర్తి గారి తల్లి ఇండియాలో పోతే స్నేహితులంతా 'సీరియస్‌గా ఉందట, బయల్దేరండి' అని ఆయన్ని పరుగులు పెట్టిస్తున్నారు. ఈమె వెళ్ళి గుమ్మంలో నిలబడి, "మీ అమ్మగారు నిన్న పోయారండీ. దహనం కూడా అయిపోయింది. మెల్లగా టికెట్ బుక్ చేసుకోండి, పరుగెత్తక్కర్లేదు" అంది. ఆయన అక్కడే కూలబడ్డాడు. అప్పట్నుంచి పుట్టినరోజు పార్టీలకి ఆమెని పిలవడం తగ్గింది. కృష్ణమూర్తి గారు మాత్రం ప్రతి ఏడూ తల్లి తిథినాడు ఆమె ఇంటికి అరటిపళ్ళు పంపిస్తారు.

బీన్స్ అయిపోయాయి. జయంతి ఈనెల బుట్ట పక్కకి నెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అలాంటిదాన్ని నేను, నాలుగు రోజులుగా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. శుక్రవారం ఫోన్ చేస్తే వాడు ఏడ్చాడు, నా గొంతు విని సంతోషంతో. 'నువ్వు ఫోన్ చేశావు, ఇంక నాకీ మందులక్కర్లేదే' అన్నాడు. శనివారం గుత్తివంకాయ తిన్నానన్నాడు. ఆదివారం క్షవరం చేయించుకుని కొత్త చొక్కా వేసుకున్నాట్ట. కొడుక్కి క్షవరం! ఇంకో వారం ఆగాల్సిన క్షవరం! అన్నీ విన్నాను. ఎంత హాయిగా ఉందనుకున్నావ్? చల్లటి మజ్జిగ తాగినట్టుంది. చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు."

లేచి కుళాయి కింద చేతులు కడుక్కుంది. నీళ్ళు కట్టేశాక కూడా వెనక్కి తిరగలేదు.

"నిన్న నాలుగోసారి నవ్వాడు చూడు, అప్పుడు నాకు అన్నం సయించలేదు. నాలుగు రోజులకే. వాడు తొమ్మిది రోజులు కడుపులో దాచుకుని, నేను పక్కన కూర్చుని ఇకిలిస్తుంటే, ఆ కారు నడిపాడు. ఇది వాణ్ణి క్షమించడం అనుకోకు. క్షమించలేదు. కానీ పదో రోజు ఆదివారం. మా నాన్నకి ఉన్నది వాడొక్కడే కొడుకు. విజయనగరం వెళ్ళలేకపోతే పోయె, ఇంట్లోనైనా ఆ రోజు ముద్ద పెట్టుకోవాలి. ఆ హక్కు కొట్టేయడానికి నేనెవర్తిని? కొండల్ రావెవరు? నేనే చెబుదామని పొద్దున్న ఫోన్ దగ్గరికెళ్ళాను. నా చేత కాదు. నా గొంతు వినగానే వాడు సంతోషపడిపోతాడు. ఆ సంతోషం వింటే ఇంకొక్క రోజు చూద్దామనిపిస్తుంది నాకు. మంచికి కాదు, చెడుకే.

"అందుకని నువ్వు చెప్పు. రేపు డాలస్‌లో దిగగానే నేరుగా ఇర్వింగ్ వెళ్ళు. మా వదిన గుమ్మంలోనే కళ్ళతో సైగ చేస్తుంది, చూడనట్టు లోపలికెళ్ళు. వాళ్ళ డాక్టర్ నంబరు దగ్గర పెట్టుకో, గుండె మనిషి కదా. కాఫీ ఇస్తారు, తాగకు. ముందు కాఫీ తాగితే తర్వాత నోరు రాదు. నాన్నగారికి సీరియస్ అని మాత్రం మొదలుపెట్టకు. 'శుక్రవారం పోయారు, కొండల్ రావు తలకొరివి పెట్టాడు, ఆదివారం పదో రోజు' అని మూడు ముక్కల్లో చెప్పెయ్యి. ఎవరు పంపారంటే నా పేరు చెప్పు. నాకు శుక్రవారమే తెలుసని చెప్పు. తెలిసే రోజూ ఫోన్ చేశానని, తెలిసే నవ్వించానని చెప్పు. వాడు బాధపడతాడని అది మాత్రం దాచకు."